బడి బువ్వ ఊర్లోనే వండాలా, సెంట్రల్ కిచెన్ నుంచి రావాలా?

హసన్‌పర్తి_నాన్న (చర్చ మొదలుపెట్టినవారు)

మా ఊరి ప్రభుత్వ బడిలో మొన్న తల్లిదండ్రుల మీటింగ్ పెట్టారు. మాట్లాడాల్సింది యూనిఫాంల గురించి. మధ్యలో ఒకాయన ఫోన్‌లో ఏదో హాస్టల్ ఫుడ్ పాయిజన్ వార్త చూపించాడు, ఇక మీటింగంతా అటే పోయింది. సగం మంది "ఇక్కడ వంట బంద్ పెట్టి, పట్నంలో కొన్ని బడులకు వచ్చినట్టు, చాలా బడులకు ఒకేచోట వండే సెంట్రల్ కిచెన్ నుంచి వ్యాన్‌లో తెప్పించుకుందాం" అన్నారు. మిగతా సగం "తెల్లవారుజామున వండింది మధ్యాహ్నం పెడితే మా పిల్లలు తినరు" అన్నారు. వంట చేసే అక్కలిద్దరూ అక్కడే కూర్చుని విన్నారు. వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు, వాళ్లూ నోరు విప్పలేదు.

నా మనసు ఊర్లో వండడం వైపే ఉంది. కానీ మా పాప రెండో తరగతి, రేపు ఏమైనా అయితే నా ఇష్టానికి విలువ ఏముంటుంది? అందుకే అడుగుతున్నా. శుభ్రత లెక్కన చూస్తే ఏది మేలు? పల్లె బడికి సెంట్రల్ కిచెన్ తెచ్చుకోవడానికి అసలు రూల్ ఒప్పుకుంటుందా? ఏ పార్టీ ఏం చేసిందన్న గొడవ వద్దు, దానికి వేరే చర్చలు చాలా ఉన్నాయి.

ఓరుగల్లు_రాజు

ఇందులో అడగడానికి ఏముంది అన్నా. 2024 నవంబర్‌లో నారాయణపేట జిల్లా మాగనూర్ హైస్కూల్లో ఏమైందో గుర్తుంది కదా? పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. వారం తిరగకముందే అదే బడిలో మళ్లీ అదే జరిగింది. హైకోర్టు సర్కారును నిలదీసింది. 2013 జూలై 16న బీహార్‌లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఈ రెండు చోట్లా వంట అయింది బడిలోనే.

మన బడుల్లో వంటగది అంటే ఏంటి? రేకుల షెడ్డు, లేదంటే చెట్టు కింద మూడు రాళ్లు. పక్కన బోరింగు, దాని చుట్టూ బురద, ఆ బురదలోనే బగోనలు తోమడం. నేను ఒక పెద్ద కిచెన్ లోపలికి పోయి చూశాను. ఆవిరితో అన్నం ఉడికే పెద్ద స్టీలు పాత్రలు, కూరగాయలు కడగడానికి వేరే గది, తలకు టోపీ, చేతికి గ్లౌజులు, నీళ్లకు నెలనెలా టెస్టు. ఫుడ్ సేఫ్టీ లైసెన్సు గోడకు తగిలించి ఉంది. మన ఊరి బడి వంటగదిలో అలాంటి కాగితం ఎవరైనా చూశారా?

వంట చేసేవాళ్ల ఉపాధి పోతుందని బాధపడటం నాకూ అర్థమవుతుంది. వాళ్లకు వేరే పని చూపించండి. జాలిపడి పిల్లల కడుపులతో ప్రయోగాలు చేయకండి.

వంటమ్మ_బిడ్డ

రాజు అన్నా, బీహార్ సంగతి సగమే చెప్పారు. అక్కడ నూనెలో కలిసింది మోనోక్రోటోఫాస్. పురుగుమందు డబ్బాలో పోసి ఉంచిన నూనె. వాసన తేడాగా ఉందని వంటామె చెప్పినా వినకుండా వండమన్నారని అప్పుడు వార్తల్లో వచ్చింది. 2016లో ఆ బడి హెడ్మిస్ట్రెస్‌కు కోర్టు జైలు శిక్ష వేసింది. అంటే అక్కడ లోపం పెత్తనంలో ఉంది. పత్తి పండించే మన జిల్లాలో మోనో డబ్బా అంటే తెలియని ఇల్లుందా? ఖాళీ డబ్బా కడిగి నీళ్లు పట్టుకునే ఇళ్లు నేనే చూశాను. ఆ భయం నిజమే. కానీ దానికి మందు డబ్బాను వంటగది గడప దాటనివ్వకపోవడం, కిచెన్‌ను ముప్పై కిలోమీటర్ల దూరం జరపడం కాదు.

మా అమ్మ నర్సంపేట వైపు ఒక పల్లె బడిలో వంట చేస్తుంది. నెలకు 3,000 గౌరవ వేతనం. అందులో కేంద్రం లెక్క ప్రకారం వచ్చేది 1,000. అదీ ఏడాదికి పది నెలలకే, 2009 నుంచి అంతే. మిగతాది రాష్ట్రం ఇస్తుంది. ఇవి నెల నెలా రావు. వంట సామాను డబ్బులు ఇంకా ఆలస్యం. అప్పటిదాకా పప్పు, నూనె, కూరగాయలు కిరాణా షాపులో ఉద్దెర. షాపు సేటు ముఖం తిప్పుకుంటే చెవి కమ్మలు కుదువ పెట్టి తెచ్చింది. పప్పు నీళ్లలా ఉందని వీడియో తీసి పెట్టేవాళ్లు ఆ పప్పు బిల్లు ఎప్పుడు వచ్చిందో అడగరు.

ఇంకోటి. మీరు చెప్పిన గ్లౌజులు, టోపీలు మా అమ్మకు ఎవరైనా ఇచ్చారా? ఇస్తే పెట్టుకోనన్నదా?

ఎస్జీటీ_పరకాల

రూల్ గురించి అడిగారు కాబట్టి చెప్తాను. మధ్యాహ్న భోజన పథకం మార్గదర్శకాల్లో సెంట్రల్ కిచెన్ ప్రధానంగా పట్టణాల కోసం. బడిలో వంటగది కట్టడానికి జాగా లేని చోట అని ఉద్దేశం. పల్లెలో జాగా, వంటగది, వండే మనుషులు ఉన్నప్పుడు బడిలోనే వండాలి. మంచి రోడ్డున్న చోట కొన్ని ఊళ్లను కలిపి ఇవ్వొచ్చన్న వెసులుబాటు ఉంది. కాబట్టి హసన్‌పర్తి లాంటి చోట కాగితం మీద అసాధ్యం కాదు.

ఇప్పుడు డబ్బుల లెక్క. 2025 మే 1 నుంచి ప్రైమరీ పిల్లవాడికి రోజుకు వంట ఖర్చు 6 రూపాయల 78 పైసలు, అప్పర్ ప్రైమరీకి 10 రూపాయల 17 పైసలు. బియ్యం వేరే వస్తుంది, ప్రైమరీకి 100 గ్రాములు, పెద్దవాళ్లకు 150. గుడ్డు లెక్క వేరే. 40 మంది ప్రైమరీ పిల్లలున్న బడికి రోజుకు 271 రూపాయలు. నిబంధన ప్రకారం తలా 20 గ్రాముల పప్పు అంటే 800 గ్రాములు. కిలో 120 అనుకున్నా 96 రూపాయలు. కూరగాయలు తలా 50 గ్రాములు, అంటే రెండు కిలోలు, 80 రూపాయలు. నూనె తలా 5 గ్రాములు, ఒక ముప్పై. ఇక మిగిలిన అరవై చిల్లరలో ఉప్పు, కారం, పసుపు, చింతపండు, పోపు, గ్యాస్. కూరగాయల ధర ఎక్కిన వారం ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి. పిల్లలు తక్కువున్న బడిలో ఇంకా కష్టం, పొయ్యి వెలిగించే ఖర్చు పదిమందికైనా నలభై మందికైనా దాదాపు ఒకటే. ఈ విషయంలో మాత్రం పెద్ద కిచెన్‌కు లాభం ఉంటుంది, పప్పు బస్తాల లెక్కన కొంటుంది కదా.

వంట మనుషుల లెక్క కూడా చూడండి. 25 మంది దాకా ఒక్కరు, వంద దాకా ఇద్దరు. ఆ ఒక్కరే పొయ్యి ముందుండాలి, కూరగాయలు తరగాలి, వడ్డించాలి, తోమాలి. అదే చెయ్యి, అదే కొంగు. శుభ్రత అక్కడే దెబ్బతింటుంది.

ఒక్క మాట మర్చిపోవద్దు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా ప్రభుత్వ బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం హక్కు. ఒకరోజు వండకపోతే ఆ బియ్యం, ఆ వంట ఖర్చు పిల్లలకు లెక్కగట్టి ఇవ్వాలని 2015 రూల్స్ చెప్తాయి. ఫుడ్ పాయిజన్ వార్త వచ్చిన మర్నాడు నా క్లాసులో సగం మంది తినరు. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునేది ఇద్దరు ముగ్గురే. మిగతావాళ్లు ఊరికే కూర్చుంటారు. పొద్దున కూడా ఏమీ తినకుండా వచ్చిన పిల్లలు వాళ్లు.

కిరాణా_కాజీపేట

నాది చిన్న కిరాణా షాపు. రెండు బడులకు ఉద్దెర ఇస్తున్నా కాబట్టి నా మాట కూడా వినండి. ఉద్దెర సరుకుకు, నగదు సరుకుకు తేడా ఉంటుంది. ఏ షాపులోనైనా అంతే. నగదు ఇచ్చేవాళ్లు బ్రాండు నూనె ప్యాకెట్ అడుగుతారు. మూడు నెలల బాకీ ఉన్నవాళ్లు ఏదిస్తే అది పట్టుకుపోతారు, అడిగే మొహం ఉండదు. లూజు నూనె, లూజు కారం, పురుగు పట్టి జల్లించిన పప్పు ఎటు పోతాయని అనుకుంటున్నారు? షాపులో పడేయరు కదా ఎవరూ.

బిల్లు పదో తారీఖుకల్లా పడితే వంట చేసే అక్క నాతో గొడవపడి మంచి సరుకు తీసుకుపోతుంది. ఆ గొడవ నాకూ ఇష్టమే.

ల్యాబ్_కోటు

నేను ఫుడ్ టెక్నాలజీ చదివి కొన్నాళ్లు ఒక పెద్ద వంటశాలలో క్వాలిటీ విభాగంలో పనిచేశాను. పేరు చెప్పను. రెండు వైపులా కొన్ని అపోహలు కనిపిస్తున్నాయి.

ముందు బల్లి సంగతి. ఎక్కడ పిల్లలకు వాంతులైనా "పప్పులో బల్లి పడింది" అంటారు. మన ఇళ్లలో తిరిగే బల్లులకు విషం లేదు. దాని ఒంటి మీద, రెట్టలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. బాగా మరిగే పప్పులో అది బతకదు, దించి చల్లారాక పడితే ప్రమాదమే. బల్లి కనిపించిన గిన్నెను పారబోయాల్సిందే, అందులో వాదన లేదు. కానీ చాలాసార్లు అసలు దొంగ వేరే ఉంటుంది, బల్లి మీదికి నెట్టేస్తాం.

ఆ దొంగల్లో మొదటిది అన్నంలోనే ఉంటుంది. బాసిల్లస్ సీరియస్. దీని బీజాలు బియ్యంతోనే వస్తాయి, అన్నం ఉడికినా చావవు. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి పెరుగుతాయి, విషం వదులుతాయి. ఆ విషంలో ఒక రకం మళ్లీ వేడి చేసినా పోదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు. రెండోది క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్. పెద్ద గంజులో పప్పు, సాంబారు, మాంసం కూర లాంటివి మెల్లగా చల్లారేటప్పుడు పెరుగుతుంది. గిన్నె ఎంత పెద్దదైతే నడుమ భాగం అంత ఆలస్యంగా చల్లారుతుంది. మూడోది స్టెఫిలోకాకస్. చేతి మీద పుండు, ముక్కు తుడుచుకున్న చెయ్యి, దాంతో గుడ్డు పొట్టు తీయడం.

5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో ఇవన్నీ బాగా పెరుగుతాయి. కాబట్టి పొయ్యి దించాక కంచంలో పడేదాకా ఎంతసేపు పట్టింది, అంతసేపూ 60 పైన ఉందా అన్నది చూడాలి. ఊరి బడిలో పన్నెండింటికి దించి పన్నెండున్నరకు వడ్డిస్తే ఇందులో సగం భయం పోతుంది. పెద్ద కిచెన్‌లో వంట తెల్లవారుజామున మొదలవుతుంది. నింపడం, వ్యాన్‌కు ఎక్కించడం, చివరి బడికి చేరడం కలిపితే నాలుగైదు గంటలు అయ్యే రూట్లు ఉన్నాయి. వేడి పోనివ్వని డబ్బాలు మంచివైతే పరవాలేదు. మూత రబ్బరు అరిగితే, రైల్వే గేటు దగ్గర వ్యాన్ ఆగితే చెప్పలేం. కాజీపేటలో ఉన్నవాళ్లకు గేటు సంగతి నేను చెప్పక్కర్లేదు.

నీళ్లు, చేతులు, పురుగులు, సరుకు నాణ్యత విషయంలో మాత్రం బాగా నడిచే పెద్ద కిచెన్ ముందు మన రేకుల షెడ్డు నిలవదు. రాజు గారు చెప్పింది అక్కడ నిజం. అయితే పెద్దచోట తప్పు జరిగితే అదీ పెద్దగానే ఉంటుంది. 2012లో తూర్పు జర్మనీలో బడులకు, శిశు కేంద్రాలకు వెళ్లిన భోజనంలో ఫ్రోజెన్ స్ట్రాబెర్రీల వల్ల దాదాపు 11 వేల మందికి వాంతులు, విరేచనాలు. నోరోవైరస్. జర్మనీలో ఫ్రిజ్‌లకు, ఇన్‌స్పెక్టర్లకు కొదవ లేదు కదా.

ఓరుగల్లు_రాజు

ల్యాబ్ కోటు గారూ, మీ జర్మనీ కథ నా వాదననే బలపరుస్తుంది. 11 వేల మందికి జబ్బు చేసినా ఏ పండు, ఏ లాటు అన్నది కొద్ది రోజుల్లోనే పట్టుకున్నారు. ఎందుకు? ఏ సరుకు ఎక్కడ కొన్నారు, ఎక్కడికి పంపారు అన్నదానికి రికార్డు ఉంది. మన ఊరి బడిలో పదిమందికి వాంతులైతే ఏం తెలుస్తుంది? మిగిలిన పప్పు అప్పటికే పారబోసి ఉంటారు. కిరాణా షాపు బిల్లు ఉండదు. వంటామెను తీసేస్తారు, హెచ్ఎంకు నోటీసు ఇస్తారు, బల్లి అని రాసి ఫైలు మూస్తారు. కారణం తెలియదు కాబట్టి వచ్చే నెల మళ్లీ అదే. మాగనూర్‌లో రెండోసారి ఎందుకైందని అనుకుంటున్నారు?

కిరాణా అన్న చెప్పింది చదివాక నాకు ఇంకా భయమేస్తోంది. పురుగు పప్పు బడికి పోతుందని షాపాయనే చెప్తుంటే "వేడి వేడిగా వండుతారు" అని మనం సంబరపడుతున్నాం.

ఎస్జీటీ_పరకాల

రాజు గారు అన్నది గట్టి మాట. శాంపిల్ దాచే పద్ధతి లేకపోవడం మా బడుల్లో పెద్ద లోటు. టీచరు ముందు రుచి చూడాలని నిబంధన ఉంది, రిజిస్టర్‌లో సంతకం పెడతాం. నిజం చెప్పాలంటే తనిఖీ ఉందని తెలిసిన రోజు ముందు తిని సంతకం పెడతారు, మిగతా రోజుల్లో సంతకం ముందు పడుతుంది. నేను మా బడి గురించి చెప్పడం లేదు, అందరికీ తెలిసిన సంగతే.

జనగామ_చిన్ని

వంట ఎవరు చేస్తే ఏంటి, బియ్యమే ప్లాస్టిక్ అయితే! మా తమ్ముడి బడిలో నీళ్లలో వేస్తే కొన్ని గింజలు తేలుతున్నాయి. వీడియో ఉంది, పెట్టమంటారా?

ల్యాబ్_కోటు

వద్దు చెల్లె, ఆ వీడియో ఊరంతా తిరుగుతోంది. అవి ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి మళ్లీ గింజల్లా ఒత్తుతారు. వంద మామూలు గింజల్లో ఒకటి కలుపుతారు. రంగు కాస్త తేడా, కొన్ని నీళ్లలో తేలుతాయి. తేలాయని వంచి పారబోస్తే పోయేది ఆ పోషకాలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత అని తేలింది. దాని కోసమే ఈ తంతు. ఇది ఎంత పనిచేస్తుందన్నది వేరే చర్చ, ఇక్కడ మొదలుపెడితే తెల్లారుతుంది.

ఉట్నూరు_మాష్టారు

ఏజెన్సీ నుంచి ఒక మాట. మీ చర్చ రోడ్డున్న ఊళ్ల చర్చ. మా దగ్గర ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలు మూడు పూటలా అక్కడే తింటారు. జూలైలో వాగు పొంగితే మండల కేంద్రం నుంచి కూరగాయల ఆటోనే రాదు, సెంట్రల్ కిచెన్ వ్యాన్ ఎక్కడొస్తుంది? కాబట్టి మాకు వంటగదిని బాగుచేసుకోవడం తప్ప వేరే దారి లేదు.

మా పిల్లలకు విరేచనాలు ఎక్కువగా వచ్చేది తొలకరిలో. పప్పు మీద, అన్నం మీద అనుమానపడతారు. నా అనుభవంలో ఎక్కువసార్లు నీళ్లే. ట్యాంకు మూత పగిలి ఉంటుంది, పైపు పక్కనే మురుగు. కుళాయి దగ్గర నీళ్లలో క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలని ప్రమాణం. చూసే కిట్టు చాలా చౌక. చూసే మనిషే దొరకడు. ఆ నీళ్లతోనే కంచాలు కడుగుతాం, చేతులు కడుగుతాం, మజ్జిగ కలుపుతాం. ఆహారం వ్యాన్‌లో వచ్చినా కంచం మాత్రం బడి కుళాయి కిందే కడగాలి కదా. రాజు గారు దీనికి ఏమంటారో వినాలని ఉంది.

రక్తహీనత మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మా గోండు పిల్లల్లో కొందరికి సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు ఉంది. ఇనుము కలిపిన బియ్యం గురించి వాళ్ల తల్లులు అడిగితే చెప్పడానికి ఎవరో ఒకరు ఉండాలి. "అందరికీ ఒకటే" అంటే కుదరని పిల్లలు వీళ్లు.

వంటమ్మ_బిడ్డ

ఎవరూ ఎత్తని మాట నేను ఎత్తుతా. బడి వంట పనిలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. మా అమ్మ చేరిన కొత్తలో కొందరు పిల్లలు తినకుండా ఇంటికి పోయేవాళ్లు. తల్లులు పంపొద్దన్నారు. ఇప్పుడు అదే ఇళ్ల పిల్లలు రెండోసారి వడ్డించమంటారు. అది మారడానికి ఏళ్లు పట్టింది, ఏ పాఠంతోనూ కాదు, ఒకే బంతిలో కూర్చుని తినడంతోనే. వ్యాన్‌లో డబ్బా వస్తే ఇది ఉండదు. ఇప్పటికీ కొందరు "శుభ్రత, శుభ్రత" అంటుంటే నాకు లోపల వేరే లెక్క వినిపిస్తుంది.

గుడ్డు సంగతి కూడా. కొన్ని సంస్థల కిచెన్లలో గుడ్డు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఉండవు. కర్ణాటకలో దీని మీద పెద్ద రచ్చే జరిగింది. మా ఊరి పిల్లలకు వారంలో దొరికే మంచి మాంసకృత్తు ఆ గుడ్డే. దాన్ని ఎవరి నియమం కోసమో ఎందుకు వదులుకోవాలి?

ఓరుగల్లు_రాజు

చెల్లె, నన్ను ఆ గాటన కట్టొద్దు. మా మేనల్లుడు మీ అమ్మ లాంటి ఆమె చేతి వంటే తింటున్నాడు, మా ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. శుభ్రత గురించి అడిగిన ప్రతివాడికీ కులం అంటగడితే ఇక ఎవరూ అడగరు, నష్టపోయేది పిల్లలే.

గుడ్డు విషయంలో నీతో ఏకీభవిస్తా. గుడ్డు లేని కాంట్రాక్టు వద్దు. ప్రభుత్వమే కిచెన్ నడపాలి, లేదంటే మహిళా సంఘాలే మండలానికి ఒకటి పెట్టి నడపాలి, వండేది ఈ అక్కలే ఉండాలి, జీతం సరిగ్గా ఇవ్వాలి. పది బడులకు ఒకటి, పది కిలోమీటర్ల లోపల. అప్పుడు ల్యాబ్ కోటు గారి గంటల లెక్క కూడా సరిపోతుంది. మాష్టారు గారు అన్న నీళ్ల సంగతికి నా దగ్గర జవాబు లేదు, అది ఎటూ చేయాల్సిందే.

మోడరేటర్

కులం గురించిన మాట ఇక్కడికి ఆపుదాం. అవసరమైతే వేరే చర్చ తెరవండి. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు, అందుకే ఏ పోస్టూ తీసేయలేదు.

ల్యాబ్_కోటు

రాజు గారి చివరి ప్రతిపాదన ఈ చర్చలో వచ్చిన వాటిలో ఆలోచించదగ్గది. పది బడులు, పది కిలోమీటర్లు అంటే వంట తొమ్మిదిన్నరకు మొదలుపెట్టొచ్చు. ఒక సూపర్‌వైజర్‌ను, ఒక థర్మామీటర్‌ను, ఒక ఫ్రిజ్‌ను పెట్టే స్థోమత ఉంటుంది. ప్రతి రోజూ ప్రతి వంటకం కొంచెం తీసి మూతపెట్టి ఫ్రిజ్‌లో దాస్తే ఏదైనా అయినప్పుడు ల్యాబ్‌కు పంపడానికి చేతిలో ఉంటుంది. కానీ ఒక చిక్కుంది. బిల్లులు ఇప్పటిలా ఆలస్యమైతే ఆ కిచెన్ కూడా ఉద్దెరలోనే పడుతుంది. అప్పుడు పది బడులకు ఒకేసారి పురుగు పప్పు.

కిరాణా_కాజీపేట

అదే నేను చెప్పేది. ఎవరు వండినా మొదట డబ్బు రావాలి. ఇక్కడ చదువుకున్నవాళ్లు బ్యాక్టీరియా పేర్లు చెప్తున్నారు, బాగుంది. మా షాపు బాకీ పుస్తకం చూస్తే ఏ నెలలో ఎవరికి కడుపునొప్పి వస్తుందో నేను కూడా చెప్పగలను.

ఎస్జీటీ_పరకాల

కొనుగోళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. బ్రెజిల్‌లో 2009లో చట్టం చేసి, బడి భోజనానికి కేంద్రం ఇచ్చే నిధుల్లో కనీసం 30 శాతం చిన్న రైతు కుటుంబాల దగ్గరే సరుకు కొనాలన్నారు. అదీ మనలాంటి వర్ధమాన దేశమే. ఇక్కడ మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంబరం చేసుకున్నాం. అదే జిల్లా బడుల్లో కూరలో వేసేది ఎక్కడో పట్టించిన లూజు కారం. పుంటికూర, సొరకాయ, టమాట పక్క చేనులోనే ఉంటాయి, మనం మాత్రం హనుమకొండ మార్కెట్ నుంచి తెచ్చిన వాడిపోయిన క్యాబేజీ వండుతాం. సంఘం వాళ్లు రైతు దగ్గర నేరుగా కొని బిల్లు పెట్టుకునేలా ఉంటే ఎవరు పండించారో కూడా తెలుస్తుంది. రాజు గారు అడిగిన రికార్డు అక్కడి నుంచే మొదలవుతుంది.

హసన్‌పర్తి_నాన్న

అందరికీ థ్యాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. నా వరకు తేలింది ఇది. మా ఊరికి దూరం నుంచి వ్యాన్ వద్దు. ఆ మాట నేను మీటింగ్‌లో చెప్తా. అలాగని ఇప్పుడు నడుస్తున్నట్టే నడవాలని కూడా అడగను. బడి బాగోగులు చూసే "అమ్మ ఆదర్శ పాఠశాల" కమిటీలో మా ఆవిడ ఉంది. ఆమె చేత నాలుగు పనులు అడిగిస్తా. దించిన టైము, వడ్డించిన టైము గోడ మీద బోర్డులో రాయాలి. ఫ్రిజ్ లేదు కాబట్టి, శాంపిల్ గిన్నె దాచడానికి బడి పక్కన ఎవరింట్లో ఫ్రిజ్ ఉందో అడగాలి. నూనె, కారం ప్యాకెట్‌వే కొనాలి, బిల్లు వచ్చేదాకా ఆ తేడా డబ్బు ఊర్లో చందా వేసుకుంటాం. వంట చేసే అక్కలకు మూడో మనిషి తోడు కావాలి, కనీసం వడ్డనకైనా. మీటింగ్‌లో ముందు వాళ్లిద్దరినే మాట్లాడమంటా.

రాజు అన్న చెప్పిన మండల కిచెన్ సంగతి కాగితం మీద రాసి ఎంఈవో సార్‌కు ఇస్తాం. జవాబు వస్తుందో లేదో చూద్దాం.

ఓరుగల్లు_రాజు

చందాతో ఎన్నాళ్లు నడుపుతారన్నా? సర్కారు ఇవ్వాల్సిన డబ్బును ఊరు పూడిస్తే సర్కారుకు ఇంకా హాయి. నేను ఒప్పుకోను. కానీ బోర్డు మీద టైము రాయడం బాగుంది, అది మా మేనల్లుడి బడిలో కూడా అడుగుతా.

వంటమ్మ_బిడ్డ

మా అమ్మకు ఫోన్ చేసి ఈ చర్చంతా చదివి వినిపించాను. థర్మామీటర్ ఇస్తే వాడతానంది. ఎవరు చదివి రాస్తారని అడిగింది, ఐదో తరగతి పిల్లలు రాస్తారన్నాను. ఒప్పుకుంది. ఆమె అడిగిన ప్రశ్న ఒకటి ఉంది, ఇక్కడ ఎవరికైనా తెలిస్తే చెప్పండి. బడి మీద నీళ్ల ట్యాంకు కడిగించాల్సింది పంచాయతీయా, బడా? హెచ్ఎం సార్ పంచాయతీని అడగమంటారు, కార్యదర్శి బడి నిధుల్లోంచి చేయించుకోమంటారు.

ఉట్నూరు_మాష్టారు

అమ్మా, మా దగ్గర కూడా అదే తగాదా. బ్లీచింగ్ పౌడర్ పంచాయతీ నుంచి తెచ్చుకుంటాం, మనిషికి కూలీ బడి గ్రాంటులోంచి ఇస్తాం, కడిగిన తేదీ ట్యాంకు మీదే పెయింటుతో రాయిస్తాం. ఇద్దరి సంతకాలూ ఒకే కాగితం మీద తీసుకోండి. రెండు కాగితాలైతే మళ్లీ మొదటికొస్తుంది.